రూబిక్స్ క్యూబ్ త్వరగా కలపాలంటే

పర్లాకిమిడిలో జాతరలో కొన్న బిగుసుకుపోయిన క్యూబ్‌తో స్పీడ్ రాదండీ, ముందు మాగ్నెట్లున్న 3×3 ఒకటి ఆన్‌లైన్‌లో తెప్పించుకోండి. మిషన్ ఆయిల్ మాత్రం పొయ్యకండి, ప్లాస్టిక్ పాడవుతుంది. సిలికాన్ లూబ్ రెండు చుక్కలు చాలు.

పొరలు పొరలుగా కలపడం వచ్చాక, క్రాస్, ఎఫ్‌టూఎల్, ఓఎల్ఎల్, పీఎల్ఎల్ అనే నాలుగు దశల్లో కలిపే సీఎఫ్‌ఓపీకి మారండి. తెల్ల క్రాస్ (తెల్ల మధ్యముక్క చుట్టూ నాలుగు తెల్ల అంచుముక్కల ప్లస్ గుర్తు) అడుగునే కట్టడం అలవాటు చేసుకోవాలి. పోటీల్లో ముందు చూసుకోడానికి 15 సెకన్లు ఇస్తారు, ఆ టైమ్‌లోనే క్రాస్ మొత్తం అనుకోవాలి, క్యూబ్‌ని ఎలా చెదరగొట్టి ఇచ్చినా 8 కదలికల్లో అయిపోతుంది.

తర్వాత వేళ్లు. కుడి పక్క పైకి, పై పొర ఎడమకి, కుడి పక్క కిందికి, పై పొర తిరిగి కుడికి: కలిసున్న క్యూబ్ మీద ఇది ఆరుసార్లు చేస్తే మళ్లీ కలిసిన క్యూబే వస్తుంది, కాబట్టి చెడిపోతుందన్న భయం లేకుండా టీవీ చూస్తూ కూడా చెయ్యొచ్చు. పై పొరను ఎడమకి కుడి చూపుడువేలితో, కుడికి ఎడమ చూపుడువేలితో తిప్పండి. చెయ్యంతా ఊపితే ఎన్నేళ్లయినా అంతే.

అసలు టైమ్ తినేది ఎఫ్‌టూఎల్, అంటే మూలముక్కనీ దాని అంచుముక్కనీ జతచేసి కిందికి దించడం. నిదానంగా, ఆగకుండా తిప్పుతూ, ఒక జత దించుతుండగానే రెండోది ఎక్కడుందో కళ్లతో వెతకండి. నేనైతే నౌపడా వెళ్లే రైల్లో ఇదే పని (పక్కసీటాయన ఎవరో ఒకరు "కేతే టంకా?" అని క్యూబ్ ధర అడగకుండా ఉండరు).

చివరి పొరకి నేర్చుకోవాల్సిన కదలికల వరసలు, పై ముఖమంతా ఒకే రంగు చేసేవి 57 ఓఎల్ఎల్‌లు, ముక్కల్ని సొంత చోట్లకి చేర్చేవి 21 పీఎల్ఎల్‌లు అని టెన్షన్ పడకండి. ఒక్కోదాన్నీ రెండు మెట్లలో చేస్తే ఓఎల్ఎల్‌కి 10, పీఎల్ఎల్‌కి 6 చాలు. తర్వాత ముందు పీఎల్ఎల్ మొత్తం నేర్చుకుని, ఓఎల్ఎల్ మొత్తం తీరిగ్గా పట్టండి.