నిర్లక్ష్యానికి గురైన అంటువ్యాధులపై పరిశోధన: ఫెలోషిప్‌కు దరఖాస్తు విధానం

బోదకాలు, కాలా అజార్, కుష్టు, కడుపులో పురుగులు. ఇలాంటి జబ్బుల బారిన పడ్డవాళ్లు ప్రపంచంలో వంద కోట్లకు పైనే ఉన్నారు. కానీ వాళ్లలో ఎక్కువమందికి మందు కొనే స్తోమత లేదు. లాభం కనబడని చోట మందుల కంపెనీలు పెట్టుబడి పెట్టవు. అందుకే ఈ జబ్బుల మీద పీజీ, పీహెచ్‌డీ స్థాయిలో పనిచేయాలనుకునే విద్యార్థికి ఫెలోషిప్పే పెద్ద ఆధారం.

దరఖాస్తు ఫారం తెరిచే ముందు, మీరు ఎంచుకున్న జబ్బు ఆ ఫెలోషిప్ పరిధిలోకి వస్తుందో లేదో చూసుకోండి. చాలామంది ఇక్కడే పొరబడతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధులకు ఒక జాబితా పెట్టుకుంది. 2023 డిసెంబరులో నోటినీ ముఖాన్నీ కుళ్లబెట్టే నోమా కూడా చేరడంతో అందులో ఇప్పుడు 21 వ్యాధులు, వ్యాధి సమూహాలు ఉన్నాయి. క్షయ, మలేరియా ఇందులో లేవు. 2017లో చేర్చిన పాముకాటు ఉంది గానీ, అది అంటువ్యాధి కాదు. కాబట్టి ఫెలోషిప్ అంటువ్యాధులకే పరిమితమైతే పాముకాటు మీద ఎంత మంచి ప్రతిపాదన రాసినా తొలి వడపోతలోనే పోతుంది. కొన్ని సంస్థలు తమ సొంత జాబితా పెట్టుకుంటాయి. నోటిఫికేషన్‌లో ఉన్న నిర్వచనమే మీకు ప్రమాణం.

దరఖాస్తు ఎవరికి పంపాలన్నది తర్వాతి సంగతి. కొన్ని ఫెలోషిప్పులకు నిధులిచ్చే సంస్థకే నేరుగా పంపాలి. మరికొన్నింటికి చేరబోయే విశ్వవిద్యాలయం ద్వారానే వెళ్లాలి. ఉదాహరణకు, ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆధ్వర్యంలో 1975 నుంచి నడుస్తున్న ఉష్ణమండల వ్యాధుల పరిశోధన, శిక్షణ కార్యక్రమం (టీడీఆర్) అల్ప, మధ్య ఆదాయ దేశాల విద్యార్థులకు పీజీ స్థాయిలో సాయం చేస్తుంది. దానికి దరఖాస్తును జెనీవాలోని ప్రపంచ ఆరోగ్య సంస్థ కార్యాలయానికి కాక, ఆ పథకంలో భాగస్వామిగా ఉన్న విశ్వవిద్యాలయానికే పంపాలి. ఆ పథకం చూసేది కొత్త మందు కనిపెట్టడాన్ని కాదు. ఉన్న మందు జనానికి ఎందుకు చేరడం లేదు, ఎలా చేర్చాలి అన్నదే దాని పరిశోధనాంశం. ప్రయోగశాలలో అణువుల మీద పనిచేసేవాళ్లు వేరే ఫెలోషిప్ వెతుక్కోవడం మేలు.

కాగితాల సంగతి తేలికే: డిగ్రీ పత్రాలు, మార్కుల జాబితాలు, బయోడేటా, గుర్తింపు పత్రం, చేర్చుకుంటామని సంస్థ ఇచ్చే అంగీకార లేఖ, రెండో మూడో సిఫారసు లేఖలు. వీటిలో ఆలస్యమయ్యేవి చివరి రెండూ. సిఫారసు రాసేవారికి కనీసం నెల రోజులు గడువివ్వండి, మీ ప్రతిపాదన ప్రతిని కూడా చేతికివ్వండి. మీ పని చూసిన గురువు రాసిన నాలుగు వాక్యాలు, మిమ్మల్ని ఎరుగని పెద్ద మనిషి రాసిన రెండు పేజీల కంటే బరువుగా ఉంటాయి.

అసలు కష్టమంతా ప్రతిపాదనలో ఉంది. జబ్బు ఎంత భయంకరమో చెప్పడానికే సగం పేజీలు ఖర్చు చేయకండి. అది పరిశీలకులకు తెలుసు. ఆ జబ్బు తీరు మీకు ఎంత తెలుసో మీ పని ప్రణాళికలో కనబడాలి. బోదకాలునే తీసుకోండి. దానికి కారణమైన పురుగు పిల్లలు చాలా ప్రాంతాల్లో పగటిపూట రక్తనాళాల లోపలి భాగాల్లో దాగి, రాత్రి పది దాటాకే చర్మం దగ్గరి రక్తంలోకి వస్తాయి. వాటిని సూక్ష్మదర్శినిలో చూడాలంటే రక్త నమూనా రాత్రి తీయాలి. అంటే రాత్రిపూట వాహనం, సిబ్బందికి అదనపు భత్యం, ఇళ్లవాళ్ల ముందస్తు అనుమతి, అన్నీ లెక్కలోకి రావాలి. బడ్జెట్‌లో ఇవేవీ లేకుండా 'రక్త నమూనాల సేకరణ' అని ఒక్క ముక్క రాస్తే, ఈ విద్యార్థి ఫీల్డుకు వెళ్లలేదని పరిశీలకులకు వెంటనే అర్థమవుతుంది.

పేగుల్లో ఉండే కొంకిపురుగు (హుక్‌వర్మ్) పరిశోధనలోనూ అంతే. కాటో-కాట్జ్ పద్ధతిలో మలాన్ని స్లైడు మీద పరిచి గుడ్లు లెక్కిస్తారు. కొంకిపురుగు గుడ్డు పెంకు పలచన. స్లైడు తయారైన గంటలోపు చూడకపోతే అది కనబడకుండా పోతుంది, ఆరోగ్యంగా లేని మనిషి కూడా లెక్కలో ఆరోగ్యవంతుడైపోతాడు. అందుకని నమూనా తీసే చోటుకు, సూక్ష్మదర్శినికి మధ్య దూరం ఎంత, రోజుకు ఎన్ని స్లైడులు చూడగలరు అన్నది ప్రణాళికలో రాయాలి. నమూనాల సంఖ్యను కూడా ఈ లెక్కను బట్టే తేల్చుకోండి. మీ ప్రతిపాదనకు ఇంతకంటే బలమైన సాక్ష్యం మరొకటి ఉండదు.

మనుషుల నుంచి నమూనాలు తీసుకునే పరిశోధనకు ఎథిక్స్ కమిటీ అనుమతి తప్పనిసరి. దరఖాస్తు నాటికే అది చేతిలో ఉండాలని అందరూ అడగరు. కానీ ఎప్పుడు, ఏ కమిటీకి సమర్పిస్తారో రాయమంటారు. సమ్మతి పత్రం నమూనాను జనం మాట్లాడే భాషలో ముందే తయారు చేసుకోండి. చదువురాని వ్యక్తి ఉంటే సాక్షి సమక్షంలో చదివి వినిపించే ఏర్పాటు కూడా రాయండి. నమూనాలను దేశం దాటించాల్సి వస్తే, జన్యు వనరుల వాడకంపై 2014లో అమల్లోకి వచ్చిన నగోయా అంతర్జాతీయ ఒప్పందం కింద ఆయా దేశాలు పెట్టుకున్న నిబంధనలు వర్తిస్తాయేమో ముందే కనుక్కోండి. ఆ అనుమతులకు నెలలు పట్టవచ్చు.

ఆన్‌లైన్ ఫారంలో పేరు డిగ్రీ పత్రంలో ఉన్నట్టే అక్షరం తేడా లేకుండా రాయండి. గడువు ఏ దేశ సమయం ప్రకారమో చూసుకోండి. రెండు రోజుల ముందే సమర్పించి, రసీదు సంఖ్య దాచుకోండి.

ఎంపిక జాబితాలో పేరుంటే ఇంటర్వ్యూ ఉంటుంది. 'నమూనాలు అనుకున్నన్ని దొరక్కపోతే ఏం చేస్తారు?' అన్న ప్రశ్నకు సిద్ధంగా ఉండండి. తగ్గిపోతున్న జబ్బుల విషయంలో ఇది న్యాయమైన ప్రశ్నే. 1986లో ఏటా 35 లక్షల మందికి సోకుతుందని అంచనా వేసిన నారిపురుగు (గినియా వర్మ్) జబ్బు ఇప్పుడు ఏటా వేళ్ల మీద లెక్కపెట్టేంతమందికే వస్తోంది. అలాంటి జబ్బు మీద రోగుల సంఖ్యను నమ్ముకుని ప్రణాళిక వేసినవారు, నీటి వనరుల నమూనాలనో, కుక్కల్లో దాని వ్యాప్తినో ప్రత్యామ్నాయంగా చూపించగలగాలి.

ఎంపిక కాకపోతే పరిశీలకుల వ్యాఖ్యలు అడిగి తీసుకోండి. అడిగినవారికి ఇచ్చే సంస్థలు ఉన్నాయి. మరుసటి ఏడాది మళ్లీ పంపేటప్పుడు, ఏ వ్యాఖ్యకు ప్రతిపాదనలో ఏ మార్పు చేశారో విడిగా ఒక పేజీలో రాసి జతచేయండి.