ఒకే మోడల్ సెకండ్‌హ్యాండ్ తెరచాప పడవల్లో పాతదాన్నీ కొత్తదాన్నీ పోల్చడం ఎలా?

ఒకే మోడల్ పడవలు రెండు అమ్మకానికి ఉన్నాయనుకుందాం. ఒకటి 1984లో తయారైంది, ఇంకొకటి 2002లో. రెండోదాని ధర దాదాపు రెట్టింపు. పద్దెనిమిదేళ్ల తేడా ఉంది కదా, ఆ మాత్రం ధర ఉంటుందిలే అని చాలామంది అక్కడే ఆగిపోతారు. నిజానికి పడవకు ఒకే వయసు ఉండదు. హల్‌కు (పడవ దేహానికి) ఒకటి, మాస్ట్‌ను (తెరచాప కట్టే స్తంభాన్ని) నిలబెట్టే తీగలకు ఒకటి, ఇంజన్‌కు ఒకటి, తెరచాపలకు ఇంకొకటి. మనం పోల్చాల్సింది ఆ వయసుల్ని.

1. పుట్టిన ఏడు పడవ మీదే చదవండి

అమ్మేవారు చెప్పే ఏడు ఒక్కోసారి మోడల్ సంవత్సరం, ఒక్కోసారి పడవ మొదట అమ్ముడైన సంవత్సరం. అమెరికాలో 1972 నవంబర్ నుంచి, ఐరోపాలో 1998 నుంచి హల్ గుర్తింపు నంబర్ తప్పనిసరి. పడవ వెనక వైపు, కుడి పక్కన, పై అంచుకు దగ్గరగా ఉంటుంది. 1984 ఆగస్టు తర్వాతి అమెరికా పడవైతే చివరి నాలుగు గుర్తులు చూడండి. ‘హెచ్899’ అని ఉందంటే, హెచ్ ఎనిమిదో అక్షరం కాబట్టి ఆగస్టు నెల, 8 తయారీ ఏడు చివరి అంకె, అంటే 1998, చివరి 99 అంటే 1999 మోడల్.

2. ఆ రెండు తయారీ సంవత్సరాల మధ్య ఏం మారిందో కనుక్కోండి

పేరు ఒకటే అయినంత మాత్రాన పడవ ఒకటే కాదు. అమెరికాలో 1970ల మధ్య నుంచి 2008 దాకా ఆరు వేలకు పైగా తయారైన కాటలీనా 30నే తీసుకోండి. తొలి పడవల్లో చాలావాటికి అటామిక్ 4 అనే పెట్రోలు ఇంజన్ ఉండేది, తర్వాతివి డీజిల్‌కు మారాయి. ఇది చిన్న తేడా కాదు. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు కాబట్టి పడవ అడుగున చేరి నిలిచిపోతుంది. స్టార్ట్ చేసే ముందు ప్రతిసారీ బ్లోయర్ ఫ్యాన్ నడిపి దాన్ని బయటికి పంపాలి. ఆ తొలి పడవల్లోనే కీల్ (పడవ అడుగున ఉండే బరువైన రెక్క) బిగించే చోట ఫైబర్‌గ్లాస్ మధ్య ప్లైవుడ్ ఉండేది. నీరు దిగి ఆ చెక్క మెత్తబడితే బోల్టుల పట్టు సడలి, కీల్ ముందు భాగంలో నోరు తెరిచినట్టు చీలిక కనిపిస్తుంది. ఈ మోడల్ వాళ్లు దాన్ని ‘కాటలీనా నవ్వు’ అంటారు. తర్వాత కంపెనీ ప్లైవుడ్ మానేసింది.

మీరు చూస్తున్న మోడల్‌కూ ఇలాంటి చరిత్ర ఉంటుంది. ఆ మోడల్ యజమానుల సంఘం ఉంటే ముందు వాళ్లనే అడగండి.

మార్పులన్నీ మంచికే జరిగాయనుకోకండి. హల్‌కు ఉండే రంధ్రాల్లో బిగించే వాల్వులకు పాత పడవల్లో చాలాచోట్ల కంచు వాడారు. తర్వాత వచ్చిన కొన్ని పడవల్లో ఇత్తడి ఉంటుంది. ఉప్పునీటిలో ఇత్తడిలోని జింక్ కరిగిపోయి లోహం పెళుసవుతుంది. గీరి చూస్తే గులాబీ రంగు తేలితే, పడవ ఎంత కొత్తదైనా ఆ వాల్వు మార్చాల్సిందే.

3. తారీఖుల పట్టిక రాయండి

మొత్తం పోలికకు ఇదే ఆయువుపట్టు. రెండు పడవలకూ రెండు నిలువు గళ్లు గీసి, స్టాండింగ్ రిగ్గింగ్ (మాస్ట్‌ను నిలబెట్టే తీగలు), తెరచాపలు, ఇంజన్, బ్యాటరీలు, వాల్వులు, నీటి గొట్టాలు ఎప్పుడు మార్చారో రాయండి. రసీదు చూపిస్తేనే తారీఖు వేయండి. ‘ఈమధ్యే మార్చాం’ అన్న మాటకు గడి ఖాళీగా వదిలేయండి.

స్టెయిన్‌లెస్ తీగల రిగ్గింగ్‌ను సాధారణంగా 10 నుంచి 15 ఏళ్లలో మారుస్తారు, బీమా కంపెనీలూ అడుగుతాయి. 1984 పడవకు రిగ్గింగ్ 2019లో మారి, 2002 పడవకు ఫ్యాక్టరీ నాటి తీగలే ఉంటే ఆ ఒక్క విషయంలో పాతదే కొత్తది. శ్రద్ధగల యజమాని చేతిలో ఉన్న పాత పడవల్లో ఇలా తరచూ కనిపిస్తుంది. ఫ్యాక్టరీ సామానుతోనే వయసు మీదపడిన కొత్త పడవకు ఖర్చులన్నీ ఒక్కసారే, అదీ కొన్నవారి మీద పడతాయి.

4. డెక్‌ను కొట్టి వినండి

ఈ పనికి తొందర పనికిరాదు. చాలా పడవల డెక్‌లో, అంటే మనం నడిచే పైభాగంలో, రెండు ఫైబర్‌గ్లాస్ పొరల మధ్య బాల్సా చెక్క ఉంటుంది. స్క్రూ రంధ్రాల్లోంచి నీరు దిగితే ఆ చెక్క కుళ్లుతుంది, పైకి ఏమీ తెలియదు. కొత్తగా రంగు వేసిన డెక్ అయితే మరీనూ, పైన పటారం లోన లొటారం. స్క్రూడ్రైవర్ ప్లాస్టిక్ పిడితో రెండేసి అంగుళాలకు ఒకసారి తట్టుకుంటూ వెళ్లండి. ఖంగుమంటే గట్టిది. కుండ పగిలినట్టు మొద్దుగా మోగితే అక్కడ పొర విడిపోయిందని అనుమానించాలి. రెయిలింగ్ స్తంభాల మొదళ్లు, చైన్‌ప్లేట్లు (మాస్ట్ తీగలను పడవకు బిగించే లోహపు పట్టీలు), మాస్ట్ పాదం, ఈ మూడు చోట్లా నెమ్మదిగా తట్టండి. రెండు పడవల్లోనూ అవే చోట్లు తట్టి, మెత్తగా తగిలిన చోటల్లా కాగితం మీద గుర్తు పెట్టుకోండి. పాత పడవలో అరచేయంత చోటే మెత్తగా ఉండి, కొత్తదానిలో మాస్ట్ చుట్టూ అంతా మెత్తగా ఉంటే సంవత్సరాల లెక్క అక్కడితో వదిలేయవచ్చు.

5. నీటిలోంచి పైకి తీయించండి

హల్ మీద బొబ్బలున్నాయా, కీల్ అతుకు దగ్గర చీలిక ఉందా చూడండి. చుక్కాని అడుగు నుంచి గోధుమరంగు నీళ్లు కారుతుంటే లోపల తడి చేరినట్టే. హల్‌లో చెదురుమదురు చిన్న బొబ్బలకు నేను భయపడను. కీల్ దగ్గరి చీలికకు మాత్రం భయపడతాను.

6. ఇంజన్ చల్లగా ఉండగా చూడండి

వెళ్లగానే ఇంజన్ మీద చేయి పెట్టండి. వెచ్చగా ఉంటే మీరొచ్చేలోపే ఎవరో నడిపారన్నమాట. చల్లటి ఇంజన్ ఎలా స్టార్ట్ అవుతుందో చూడాలి కాబట్టి ఇంకో రోజు మళ్లీ రండి. స్టార్ట్ చేశాక నీలిపొగ వస్తే ఆయిల్ కాలుతోందన్నమాట. గంటల మీటరులో తక్కువ అంకె చూసి మురిసిపోకండి. ఏళ్ల తరబడి కదలకుండా ఉన్న డీజిల్ ఇంజన్ కంటే, నెలనెలా తిరుగుతూ లాగ్‌బుక్ ఉన్నది నయం.

పరుపులు, కర్టెన్లు, వాసన లాంటివి చివర్లో ఐదు నిమిషాలు చూస్తే చాలు.

7. రెండు మొత్తాలు వేయండి

అడుగుతున్న ధరకు, వచ్చే ఐదేళ్లలో మార్చాల్సినవాటి ఖర్చు కలపండి. ఖాళీగా వదిలిన ప్రతి గడినీ ‘మార్చాలి’ కిందే లెక్కించండి. మొత్తాలు దగ్గరగా వస్తే, కీల్, డెక్ గట్టిగా ఉన్న పడవకే నా ఓటు, అది ఏ ఏడుదైనా సరే. తీగలూ తెరచాపలూ డబ్బుతో వారంలో వస్తాయి. డెక్ విప్పి మళ్లీ కట్టడానికి ఒక సీజన్ మొత్తం పోతుంది.

పడవను పరీక్షించే సర్వేయర్‌ను పెట్టుకుంటే రెండు పడవలకూ ఒకరినే పెట్టుకోండి. ఒకరు ‘కొద్దిగా తడి’ అని రాసినదాన్నే ఇంకొకరు ‘బాగా తడి’ అని రాయవచ్చు, అప్పుడు మీ పట్టికలో రెండు గళ్లనూ పక్కపక్కన పెట్టి చదవలేరు.