ఇంట్లో పేరుకుపోయిన చిల్లరను కదిలించడం ఎలా?

మా ఇంట్లో చిల్లర నాలుగు చోట్ల కాపురం ఉండేది: ఫ్రిజ్ మీద హార్లిక్స్ సీసా, దేవుడి గూట్లో రాగి చెంబు, స్కూటర్ డిక్కీ, వాషింగ్ మెషీన్ అడుగు. పోయినేడు ఇల్లు మారుతూ అన్నీ చాప మీద గుమ్మరించి లెక్కపెట్టాం. రూపాయి బిళ్ళలు 412, రెండ్రూపాయలవి 187, ఐదువి 96, పదివి 41, అర్ధరూపాయలు 23. వెరసి 1,687 రూపాయల 50 పైసలు. విచిత్రమేంటంటే, సరిగ్గా ఆ వారంలోనే చిల్లర లేక ఆటో అతనికి పది రూపాయలు వదిలేశాను. కిరాణా కొట్లో మూడు రూపాయలకు బదులు మూడు చాక్లెట్లు చేతిలో పెడితే నోరు మూసుకుని తెచ్చుకున్నాను. చిల్లర ఇంట్లో కుప్పలుగా ఉంది, జేబులో మాత్రం లేదు. ఈ రెంటినీ కలపడానికి నేను పడ్డ తిప్పలు ఇవి.

ముందు రకాలుగా విడదీయండి

చాప పరిచి, ఫ్యాను ఆపి కూర్చోండి. ఫ్యాను ఎందుకంటే డబ్బాల్లోంచి విభూతి, కుంకుమ, అగరొత్తి బూడిద కూడా వస్తాయి. బిళ్ళ ఎంతదో అంకె చూసే తేల్చుకోండి, సైజును నమ్మకండి. మన నాణేలతో వచ్చిన తంటా అదే. పాత పెద్ద రూపాయి, 2011లో వచ్చిన రెండ్రూపాయల బిళ్ళ చేతికి ఒకేలా తగులుతాయి, రెండూ 25 మిల్లీమీటర్లే. 2011 రూపాయి ఇంకా చిన్నది. 2019 వరసలోది అంతకన్నా చిన్నది, 20 మిల్లీమీటర్లు. చీకట్లో కండక్టర్‌కి రూపాయి అనుకుని రెండ్రూపాయలు ఇచ్చిన వాళ్ళలో నేనూ ఉన్నాను.

జిగురుగా, మురికిగా ఉన్నవాటిని సబ్బు నీళ్ళలో ఓ గంట నానేసి, పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, గుడ్డతో తుడిచేయండి. తడి ఆరకుండా కవర్లో కట్టకండి.

వందల లెక్కన కట్టండి

ఒక్కొక్కటీ లెక్కపెడుతూ పోతే నూట ముప్పై దగ్గర ఎవరో తలుపు కొడతారు. పది బిళ్ళలు ఒకదాని మీద ఒకటి పేర్చండి. దాని పక్కన అదే ఎత్తుకి ఇంకో తొమ్మిది దొంతరలు లేపండి. వాటి మీద స్కేలు అడ్డంగా పెడితే ఎక్కడ ఒకటి తగ్గిందో, ఎక్కడ ఎక్కువైందో ఇట్టే తెలిసిపోతుంది. అయితే పాత బిళ్ళలు, కొత్త బిళ్ళలు ఒకే దొంతరలో కలపకూడదు, మందం తేడా ఉంటుంది.

వంటింట్లో గ్రాముల తూకం ఉంటే పని ఇంకా తేలిక. 2011 వరస రూపాయి 3.79 గ్రాములు, అంటే వంద బిళ్ళలు 379 గ్రాములు. 2019 వరసది 3.09 గ్రాములు, వందకి 309. ఇక్కడా అదే షరతు, రకాలు కలిస్తే తూకం తప్పుతుంది. వంద వందగా పాలిథిన్ కవర్లలో వేసి, ముడేసి, మీద కాగితం అంటించి ఎన్నున్నాయో రాయండి. బ్యాంకు దగ్గర ఈ కవర్లే మిమ్మల్ని కాపాడతాయి.

చెల్లేవి ఏవి, చెల్లనివి ఏవి

పావలా, ఇరవై పైసలు, పది పైసలు, ఐదు పైసలు 2011 జూన్ 30 నుంచి చెల్లవు. వాటిని పిల్లలకు ఆడుకోవడానికి ఇచ్చేయండి, లేదా దాచుకోండి. (పావలా బిళ్ళ పోయినా మాట పోలేదు. నెలకు వందకు పావలా వడ్డీ అంటే ఏడాదికి మూడు శాతమని ఊళ్ళో ఎవరినడిగినా చెప్తారు.)

అర్ధరూపాయి మాత్రం ఇప్పటికీ చెల్లుతుంది. ఈ సంగతి చెప్తే కొట్టువాళ్ళు నవ్వుతారు. చట్టం మాత్రం చెల్లుతుందనే అంటోంది, కాకపోతే ఒక హద్దు పెట్టింది. 2011 నాణేల చట్టం ప్రకారం అర్ధరూపాయలతో ఒకసారికి పది రూపాయల దాకానే కట్టొచ్చు, అంటే ఇరవై బిళ్ళలు. రూపాయి, అంతకు పైబడిన బిళ్ళలతో వెయ్యి రూపాయల దాకా. కాబట్టి కోపంలో ఎవరిదో ఐదువేల బాకీ రూపాయి బిళ్ళలతో తీరుద్దామనుకుంటే, అవతలివాళ్ళు వద్దనొచ్చు.

ఎవరికి కావాలో వాళ్ళకే ఇవ్వండి

చిల్లర వదిలించుకోవడానికి బ్యాంకు ఆఖరి మెట్టు. ముందు మీ వీధిలోనే చూడండి. పొద్దున ఏడింటికి టిఫిన్ బండి దగ్గర నిలబడితే సంగతి అర్థమవుతుంది. ప్లేటు ఇడ్లీ ముప్పై ఐదు. పదిమందిలో నలుగురు ఫోన్ చూపించి స్కాన్ చేస్తారు, మిగతావాళ్ళు యాభై నోటు చాపుతారు. బండి ఆయన డబ్బాలో ఐదు రూపాయల బిళ్ళలు ఎనిమిదింటికల్లా ఖాళీ. నేను ఐదులున్న కవరు తీసుకెళ్ళి, "చిల్లర కావాలా?" అని అడిగానో లేదో, "ఎన్నుంటే అన్ని తెండి సార్, నోట్లిస్తా" అన్నాడు. అప్పటికప్పుడు 480 రూపాయలు నోట్లయిపోయాయి. పైగా మర్నాడు చట్నీ అడక్కుండానే రెండోసారి పోశాడు.

అలాగే పాలబూతు, జిరాక్స్ కొట్టు, టీ బంకు, పూలమ్మే ఆవిడ. జిరాక్స్ కొట్టుకి రూపాయి, రెండు బిళ్ళలు, టీ బంకుకి ఐదులు కావాలి. ఒక్క కిటుకు: తీసుకెళ్ళేముందు అడగండి. కవర్లు మోసుకెళ్ళి రద్దీ వేళ కౌంటరు మీద పెడితే ఎవరికైనా చిరాకే. ఒకప్పుడు చిల్లర కోసం కొట్లవాళ్ళు నూటికి ఇంతని కమీషన్ ఇచ్చేవాళ్ళు. ఫోన్లతో చెల్లింపులొచ్చాక ఆ కమీషన్ ఆశ పెట్టుకోకండి, రూపాయికి రూపాయి వస్తే చాలు.

పది రూపాయల బిళ్ళ సంగతి

నా దగ్గరున్న 41 పది రూపాయల బిళ్ళల్లో నాలుగు కూరగాయలావిడకి ఇవ్వబోయాను. "వద్దు బాబూ, ఆ బిళ్ళ ఎవరూ తీసుకోట్లేదు. నోటివ్వు" అంది. చెల్లుతుందని చెప్పాను. "నీకు చెల్లుద్ది, నాకు చెల్లదు" అంది. ఆవిడ అన్నదాంట్లో తప్పేం లేదు. తెల్లారి మార్కెట్లో టమాటా బుట్ట ఎత్తేవాడు తీసుకోకపోతే ఆ బిళ్ళ ఆవిడ కొంగులోనే ఉండిపోతుంది.

పది బిళ్ళ చెల్లదన్న పుకారు ఎలా పుట్టిందో తెలిస్తే కొంత నయం. పది బిళ్ళలు రకరకాల బొమ్మలతో వచ్చాయి. కొన్నిటి మీద గీతలు పది, కొన్నిటి మీద పదిహేను. కొన్నిటి మీద రూపాయి గుర్తు ఉంది, కొన్నిటి మీద లేదు. ఆ గుర్తే 2010లో పుట్టింది, అంతకు ముందు కొట్టిన బిళ్ళ మీద ఎలా ఉంటుంది? కానీ ఒకటి అసలు, ఒకటి నకిలీ అని జనం తేల్చేశారు. రిజర్వ్ బ్యాంక్ 2018 జనవరిలో, అప్పటిదాకా వచ్చిన 14 రకాలూ చెల్లుతాయని ప్రకటించింది. 14440 నంబరుకి ఫోన్ చేస్తే ఆ సంగతి రికార్డు చేసిన గొంతుతో వినిపిస్తుంది. ఒక మందుల షాపులో కుర్రాడికి స్పీకర్లో వినిపించాను. విన్నాడు, తల ఊపాడు, "మా ఓనర్ ఒప్పుకోడు" అన్నాడు.

అందుకని నా సలహా: పది బిళ్ళల కోసం చిన్న వ్యాపారులతో పోట్లాడకండి. వాటిని బ్యాంకుకి దాచండి.

బ్యాంకుకి వెళ్ళడం

నెల మొదటి వారం, సోమవారం, పెన్షన్ల రోజులు వద్దు. నెల మధ్యలో, మధ్యాహ్నం భోజనాలయ్యాక వెళ్ళండి. డిపాజిట్ స్లిప్పులో నోట్ల గళ్ళ కింద నాణేలకు ఒక వరస ఉంటుంది, ఇంట్లోనే నింపుకోండి.

నేను మొదటిసారి హార్లిక్స్ సీసా సీసాలాగే తీసుకెళ్ళాను. క్యాషియర్ దానివంక చూసి, "మిషన్ లేదండీ, వేరే బ్రాంచ్‌లో అడగండి" అని పక్కవాళ్ళని పిలిచాడు. అప్పుడు ఉక్రోషం వచ్చింది గానీ, వెనకాల పదిహేనుమంది ఉండగా ఆ సీసా నేనైనా లెక్కపెట్టను. రెండోసారి వందల కవర్లతో వెళ్తే పావుగంటలో పనైపోయింది. రిజర్వ్ బ్యాంక్ కూడా బ్యాంకులకు చెప్పింది ఇదే: రూపాయి, రెండ్రూపాయల బిళ్ళలు తూకం వేసైనా తీసుకోండి, వందేసి కవర్లలో కట్టి తెస్తే ఇద్దరికీ సుఖం. మన ఖాతాలో ఎన్ని నాణేలు వెయ్యొచ్చో పైహద్దు కూడా పెట్టలేదు.

అయినా వద్దంటే గొడవ పడకుండా మేనేజర్‌ని కలిసి, ఈ మాట కాగితం మీద రాసిమ్మని మర్యాదగా అడగండి. చాలాసార్లు అక్కడే తేలిపోతుంది. తేలకపోతే బ్యాంకుకే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. నెలరోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కి, అంటే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే అధికారి దగ్గరికి, వెళ్ళొచ్చు. ఆ వివరాలకు ఫోన్ 14448.

రెండు పనులు మాత్రం చేయకండి

నాణేల్ని కరిగించడం నేరం, ఏడేళ్ళ దాకా జైలు పడొచ్చు. ఇక "మీ పాత ఐదు రూపాయల బిళ్ళకు ఐదు లక్షలు" అని వచ్చే ఫోన్లు. ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టమంటారు, తర్వాత పన్ను అంటారు. రిజర్వ్ బ్యాంక్ పేరు కూడా వాడుకుంటున్నారని ఆ సంస్థే 2021 ఆగస్టులో హెచ్చరించింది.

అన్నీ ఇచ్చేయకండి

ఓ చిన్న జిప్పు పర్సులో రోజూ ఇరవై రూపాయల చిల్లర పెట్టుకోండి: రెండు ఐదులు, మూడు రెండ్లు, నాలుగు రూపాయలు. ఎంతకైనా సరిపెట్టొచ్చు. రాత్రి ఇంటికొచ్చాక పర్సులో ఎక్కువైంది సీసాలోకి, తక్కువైంది సీసాలోంచి. సీసా కూడా చిన్నది పెట్టండి, నిండగానే కదిలించాల్సి వస్తుంది.

పిల్లలుంటే సీసాలో వెయ్యబోయే ముందు ఒక ఆట ఆడించండి. బిళ్ళ మీద సంవత్సరం కింద చూడమనండి. నక్షత్రం ఉంటే మన హైదరాబాద్ టంకశాలలో కొట్టింది. డైమండ్ ఆకారం ముంబైది, గుండ్రటి బొట్టు నోయిడాది. ఏ గుర్తూ లేకపోతే కోల్‌కతా.

నూట పదహార్ల చదివింపులకు రూపాయి బిళ్ళలు ఓ పది, ఐదు రూపాయల బిళ్ళలు ఓ పది విడిగా ఉంచుకోండి. వంద నోటు, పది నోటు, ఐదు, ఒకటి. పెళ్ళికి బయల్దేరే హడావుడిలో ఆ ఒక్క రూపాయి కోసమే ఇల్లంతా వెతుకుతాం. ముడుపు కట్టాలన్నా పసుపు గుడ్డలోకి బిళ్ళే కావాలి. సంక్రాంతికి ఇంట్లో చిన్నపిల్లలుంటే భోగిపళ్ళలోకి రూపాయి బిళ్ళలు ఓ యాభై పక్కన పెట్టుకోండి. రేగిపళ్ళతో, చెరకు ముక్కలతో కలపబోయే ముందు రోజు వాటిని వేడినీళ్ళలో కడిగి బాగా ఆరబెట్టండి. పిల్లలు బిళ్ళలు ఏరుకుంటూ అదే చేత్తో రేగిపళ్ళు నోట్లో వేసుకుంటారు. మరీ పసివాళ్ళయితే బిళ్ళే నోట్లో పెట్టేసుకుంటారు, వాళ్ళ పక్కన ఒక పెద్దమనిషి కూర్చోవాలి.