అభిమానులు తయారుచేసిన గ్రీకు పురాణ సినారియోకి రివ్యూ ఎలా రాయాలి?

పురాణాల ఆధారంగా చేసిన కంప్యూటర్ స్ట్రాటజీ గేమ్ 'ఏజ్ ఆఫ్ మైథాలజీ' 2002లో వచ్చింది. 2024లో 'రీటోల్డ్' పేరుతో కొత్త హంగులతో మళ్లీ వచ్చింది. గేమ్‌లోనే మ్యాప్‌లు తయారుచేసుకునే ఎడిటర్ ఉండటంతో అభిమానులు సొంత సినారియోలు, అంటే సొంత కథ, మ్యాప్, లక్ష్యాలతో ఆడే ఆటలు, తయారుచేస్తుంటారు. పైసా ఆశించకుండా ఎంతో ఓపికతో చేసే పని అది. దాన్ని "సూపర్" అనో "వేస్ట్" అనో ఒక్క ముక్కలో తేల్చేస్తే ఎవరికీ ఉపయోగం లేదు. గ్రీకు వీరుడు హెరాక్లీస్ లెర్నా అనే చోట ఉండే పలుతలల పాము హైడ్రాను చంపే కథతో చేసిన సినారియో మీ ముందుందనుకుందాం.

ముందు మూలకథ తెలుసుకోండి. హైడ్రా తల ఒకటి నరికితే రెండు మొలుస్తాయి. అందుకే హెరాక్లీస్ నరుకుతుంటే, అతని తమ్ముడి కొడుకు ఇయొలాస్ మెడల్ని నిప్పుతో కాలుస్తాడు. చావులేని నడిమి తలను బండ కింద పాతేస్తారు. ఇంకొకరి సాయం తీసుకున్నాడు కాబట్టి ఈ పని లెక్కలోకి రాదని, హెరాక్లీస్‌కి ఈ పనులు అప్పగించిన యూరిస్థియస్ రాజు పేచీ పెడతాడు.

తర్వాత చీట్లు వాడకుండా, మామూలు డిఫికల్టీలో చివరిదాకా ఆడండి. ఎక్కడ ఏం చేయాలో అర్థంకాక ఆగిపోయారో అక్కడే గేమ్ టైమ్ రాసుకోండి. ఆట అయ్యాక గుర్తుచేసుకుందాంలే అనుకుంటే సగం మర్చిపోతారు.

రెండోసారి ఆడేటప్పుడు సినారియో చెప్పిన మాట వినకుండా ఆడండి. ఇయొలాస్‌ను కావాలనే చావనివ్వండి. అప్పుడు ఓడిపోయినట్టు ప్రకటించాలి, లేదా ఇంకో దారి చూపాలి. రెండూ జరగకపోతే ట్రిగ్గర్ (ఫలానాది జరిగితే ఫలానాది చేయమని ఎడిటర్‌లో పెట్టే ఆదేశం) ఇరుక్కుపోయినట్టే. మధ్యలో సేవ్ చేసి మళ్లీ లోడ్ చేసి కూడా చూడండి.

ఇక అసలు విషయం: పురాణం డైలాగుల్లోనే ఉందా, ఆటలోకి కూడా దిగిందా? ఈ గేమ్‌లో హైడ్రా శత్రువుల్ని చంపేకొద్దీ దానికి తలలు పెరుగుతాయి. కథలో దాని తలలు నరికితే పెరుగుతాయి. అంటే ఎడిటర్‌లో ఉన్న హైడ్రాను తెచ్చి మ్యాప్‌లో పెట్టేస్తే సరిపోదు, ట్రిగ్గర్లతో పని చేయించాలి. పైగా ఈ గేమ్‌లో పురాణ జీవుల మీద హీరోలదే పైచేయి. హెరాక్లీస్ ఒక్కడే నిమిషంలో దాన్ని మట్టికరిపిస్తే ఇయొలాస్ ఉన్నా లేనట్టే. నిప్పు పెట్టకపోతే నెగ్గలేని పరిస్థితి కల్పించిన సినారియో నా దృష్టిలో చాలా గొప్పది, మ్యాప్ అందంగా లేకపోయినా సరే. యూరిస్థియస్ పేచీని కూడా ఆటలో వాడుకుని, సాయం లేకుండా గెలవమని అదనపు లక్ష్యం పెడితే, అది ప్రత్యేకంగా మెచ్చుకోవాల్సిన విషయం.

ఫేవర్, అంటే గేమ్‌లో ఖర్చు పెట్టుకునే దేవతల అనుగ్రహం, ఎలా వస్తుందో కూడా చూడండి. గ్రీకుల పక్షాన ప్రధానంగా గ్రామస్థులు గుడి దగ్గర ప్రార్థిస్తే అది పెరుగుతుంది. గుడి కట్టే వీలు లేకుండా ఫేవర్ ఖర్చు పెట్టమంటే ఆటగాడికి టెన్షనే.

రాసేటప్పుడు గేమ్ వెర్షన్ తప్పక చెప్పండి. పాత గేమ్‌లో దైవశక్తిని (దేవుడిచ్చే ప్రత్యేక శక్తిని) ఒక్కసారే వాడగలం, రీటోల్డ్‌లో ఫేవర్ ఖర్చుపెట్టి మళ్లీ వాడవచ్చు. దాంతో కష్టం స్థాయే మారిపోతుంది. బాగున్నవాటితో మొదలుపెట్టండి. లోపాన్ని మాత్రం "బ్యాలెన్స్ బాలేదు" అని వదిలేయకుండా, "రెండో దాడి వచ్చేసరికి సైనికుల్ని తయారుచేసే మిలిటరీ అకాడమీకి సరిపడా కలప లేదు" అన్నట్టు రాయండి. ముగింపు బయటపెట్టే భాగానికి ముందే హెచ్చరిక పెట్టండి. తయారుచేసినవాళ్లు సరిదిద్ది కొత్త వెర్షన్ విడుదల చేస్తే, మళ్లీ ఆడి మీ రివ్యూనీ సవరించండి.