విడిపోదామని చెప్పే ముందు

ఎక్కడ చెప్పాలో ముందే తేల్చుకోండి. మైపాడు బీచ్ మాత్రం వద్దు. నెల్లూరు నుంచి 20 కిలోమీటర్ల పైమాటే. ఒకే బండి మీద వెళ్లి, వెనక కూర్చున్న మనిషి ఏడుస్తుంటే తిరిగి నడుపుకుంటూ రావడం ఎట్టుంటుందో నాకు తెలుసు. ట్రంకు రోడ్డులో జనం మసిలే టీ కొట్టు నయం. ఎవరి బండి వాళ్లది.

అవతలి వాళ్లు బెదిరించే రకమైతే అసలు కలవబాకండి, ఫోన్లోనే చెప్పండి. ఆపదనిపిస్తే 112. ఆడపిల్ల వద్దన్నాక కూడా వెంటపడటం భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద నేరం. ఆ మెసేజీలు చెరపొద్దు.

పాస్‌వర్డులు, యూపీఐ పిన్ను, లొకేషన్ షేరింగ్ ముందురోజే మార్చేయండి.

అసలు కారణమే చెప్పండి. ఊరికే "ఇంట్లో ఒప్పుకోరు" అంటే, రేపు వాళ్లు పెద్దమనుషుల్ని వెంటబెట్టుకుని మీ గుమ్మం ముందుంటారు. పోయినేడు రొట్టెల పండక్కి స్వర్ణాల చెరువులో పెళ్లి కావాలని పెళ్లి రొట్టె పట్టుకున్నాం కదా అని ఇంకో ఏడాది నానబెట్టబాకండి.

ఆ రాత్రి ఒంటరిగా పడుకోవద్దు. స్నేహితుల గదికి పోండి. ఆకలి లేకపోయినా నాలుగు ముద్దలు మజ్జిగన్నం తినండి. స్టేటస్‌లు చూడబాకండి (చూస్తారు, నాకు తెలుసు. కనీసం మ్యూట్ చేయండి).

రోజుల తరబడి నిద్ర పట్టకపోయినా, చావాలనిపించినా వెంటనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి. పగలూ రాత్రీ పలుకుతారు, తెలుగులోనే, ఉచితంగా.

వాళ్ల టిఫిన్ క్యారేజీ మీ దగ్గరుంటే కడిగి, మూడో మనిషితో పంపించండి.