స్లాబు మీద సుత్తి పడే ముందు

వేసవి వచ్చిందంటే మా కోనసీమలో ఏ వీధిలో చూసినా ఒక ఇంటి ముందు ఇసుక గుట్ట ఉంటుంది. పిల్ల పెళ్లనో, పోయిన వానాకాలం స్లాబు కారిందనో పాత ఇంటికి మరమ్మతు మొదలుపెడతారు. తొలకరి వచ్చేసరికి పని సగంలో ఉంటుంది, అందరూ మేస్త్రీని తిట్టుకుంటారు. నేను చూసినంతలో అసలు పొరపాటు అంతకు ముందే జరుగుతోంది. కట్టడానికి కావలసినవి చేతికి రాకముందే పగలగొట్టించేస్తున్నాం.

మా ఇంట్లో అదే జరిగింది. మే నెలలో వంటింటి స్లాబు పైపూత మొత్తం కొట్టించారు. మర్నాటి నుంచి మేస్త్రీ రాలేదు. ఫోన్ చేస్తే "ఆయ్, రేపొద్దున్నే వచ్చేత్తామండి" అనేవాడు. పన్నెండు రోజులు అదే మాట. ఈలోగా ఒక రాత్రి గాలివాన కొట్టింది. తెల్లారి చూస్తే ఫ్యాన్ గొట్టం వెంట తుప్పు నీళ్లు చుక్కచుక్కగా జారుతున్నాయి. దాని కిందే అమ్మ పొయ్యి వెలిగిస్తోంది. మెయిన్ ఆపేసి ఆమెను బయటకు తీసుకొచ్చేసరికి నా కాళ్లు వణికాయి.

కాబట్టి ముందు మన డెల్టా లెక్క చూసుకోండి. ఏప్రిల్‌లో దాళ్వా, అంటే రెండో పంట వరి, కోతలు. కూలీలు చేలల్లోకి పోతారు, మేస్త్రీ దగ్గర మనుషులు తగ్గుతారు. వేసవిలో ధవళేశ్వరం ఆనకట్ట నుంచి కాలువలు కట్టేస్తారు, మళ్లీ నీళ్లొచ్చేది జూన్‌లోనే. గోదావరికి వరద మొదలైతే నదిలో ఇసుక తీసే ర్యాంపులు ఆగిపోతాయి. ఇసుక, సిమెంటు, మనుషులు, మంచినీళ్లు నాలుగూ కుదిరాకే సుత్తి పట్టనివ్వండి. ఒకేసారి ఇల్లంతా విప్పించొద్దు, ఒక గది పూర్తయ్యాక ఇంకో గది.

నీళ్ల సంగతి చాలామంది పట్టించుకోరు. సముద్రం దగ్గరి ఊళ్లలో కాలువ కట్టేయగానే మేస్త్రీలు బోరు నీళ్లతోనే సిమెంటు మాలు కలిపేస్తారు. ఆ నీళ్లు ఉప్పగా ఉంటే లోపలి ఇనుము తుప్పు పట్టి ఉబ్బుతుంది, పెచ్చులు ఊడతాయి. కాంక్రీటులో ఇనుము ఉంటే నీటిలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదు. బోరు నీళ్లు పరీక్ష చేయించండి, ఉప్పు తేలితే ట్యాంకరు తెప్పించండి. ఖర్చే, కానీ మళ్లీ పగలగొట్టడం కంటే తక్కువ. సముద్రపు ఇసుక అసలే వద్దు. తడపడానికీ మంచినీళ్లే కావాలి. రోహిణి కార్తె ఎండలో కనీసం 10 రోజులు తడపాలి, ఫ్లైయాష్ లాంటివి కలిపిన పీపీసీ సిమెంటైతే 14 రోజులు మేలు. తడపడం ఎవరి పని అన్నది ముందే తేల్చుకోండి. మేస్త్రీ ఇంటివాళ్లు పోస్తారనుకుంటాడు, మనం అతని మనిషి పోస్తాడనుకుంటాం, స్లాబేమో ఎండిపోయి బీటలు తీస్తుంది.

కింది వైపు పెచ్చులు ఊడి ఇనుప చువ్వలు బయటపడి ఉంటే అది మేస్త్రీ ఒక్కడు తేల్చే పని కాదు, ఇంజనీరుకు చూపించండి. సపోర్టులు పెట్టకుండా ఒక్క దెబ్బ కూడా కొట్టనివ్వకండి. తుప్పు మీదే పూత పూసేస్తానంటే ఒప్పుకోవద్దు. పాత ఇళ్లలో గది పెద్దది చేయడానికి గోడ తీయించేటప్పుడూ అంతే. ఆ గోడే పైకప్పును మోస్తూ ఉండొచ్చు.

డబ్బు విషయంలో మొహమాటం పనికిరాదు. మనవాడే కదా అని నేను సగం పైగా అడ్వాన్స్ ఇచ్చాను, ఆ తర్వాత గట్టిగా అడిగే వీలు లేకపోయింది. అడుగుకు ఎంత, కొలత ఎలా తీస్తారు, పెచ్చుల చెత్త ఎవరు ఎత్తించాలి, ఇవన్నీ ఒక కాగితం మీద రాసి ఇద్దరూ సంతకం పెట్టండి. పాత పూత తీశాక కొంత, కొత్త పూత అయ్యాక కొంత ఇవ్వండి. కూలీలకు మాత్రం ఆ వారం డబ్బు ఆ వారమే అందుతోందో లేదో మీరే కనుక్కోండి. వాళ్లు ఎండలో చచ్చేలా పనిచేస్తారు, మేస్త్రీతో మన గొడవ వాళ్ల కడుపు మీదకు రాకూడదు.

పూత ఆరాక, ఇంజనీరు సరేనంటే, స్లాబు మీద నీళ్లు పోయే గొట్టాలు మూసి, చుట్టూ గట్టు కట్టి రెండంగుళాల నీళ్లు రెండు రోజులు నిలపండి. కింద మూలలు, ఫ్యాన్ కొక్కేలు, గోడా స్లాబూ కలిసే చోటు టార్చి వేసి చూడండి. తర్వాత గొట్టాలు తెరిచి నీళ్లు జారే వాటం గమనించండి. నీళ్లు ఎక్కడైనా మడుగు కట్టాయంటే అక్కడ మళ్లీ చేయించాలి. చివరి పదోవంతు డబ్బు మొదటి పెద్దవాన దాకా మీ దగ్గరే ఉంచుకోండి, ఆ మాట కాగితంలో ముందే రాయించండి. మృగశిరలో వాన పడిన రాత్రి లేచి ఆ మూలలన్నీ మళ్లీ చూసి, పొడిగా ఉంటే తెల్లారగానే మేస్త్రీని పిలిచి ఆ డబ్బు చేతిలో పెట్టండి.