గర్భసంచి ఆపరేషనా? ఒప్పుకునే ముందు ఇవి అడగండి

దాళ్వా కోతలు అయిపోయి కాలువలు కట్టేశాక మా కోనసీమ ఆడవాళ్ళకి కాస్త ఊపిరి ఆడుతుంది, ఏడాదంతా వాయిదా వేసిన గర్భసంచి ఆపరేషన్ అప్పుడే పెట్టుకుంటారు. మా వదినా అంతే. డాక్టరుగారు తీసేద్దాం అన్నారు, ఈవిడ సరేనండి అంది. ఎటు నుంచి తీస్తారని అడగనే లేదు.

అసలు తీయాలా అన్నది ముందు తేల్చుకోండి. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15-49 ఏళ్ళవాళ్ళలో గర్భసంచి తీసేసినవాళ్ళు దేశంలో వందకి 3 మంది ఉంటే మన రాష్ట్రంలో దాదాపు 9 మంది! బ్లీడింగ్ ఎక్కువైతే మందులున్నాయి, గర్భసంచి లోపల పెట్టే హార్మోన్ లూప్ ఉంది. సంచి జారితే కొందరికి యోనిలో పెట్టి దాన్ని ఆపే రింగు సరిపోతుంది.

తీయక తప్పదంటే, కింద నుంచి, అంటే యోని దారిలో, వీలవుతుందా అని అడగండి. పొట్ట మీద కోత ఉండదు, తొందరగా లేచి తిరుగుతారు. సంచి బాగా పెద్దదైనా, లోపల అతుకులున్నా, క్యాన్సర్ అనుమానమున్నా లాప్రోస్కోపీయో (చిన్న రంధ్రాల్లోంచి కెమెరాతో చేసేది) పొట్ట కోతో మేలనవచ్చు, అందుకే స్కానింగు, పాప్ టెస్టు (గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్ కోసం చేసేది) ముందే అయిపోవాలి.

కింద నుంచి తీయడంలోనూ రెండు పద్ధతులు. గర్భసంచిని తలకిందులుగా ఉన్న జామకాయ అనుకోండి, దాన్ని పట్టి ఉంచే లిగమెంట్లు (పట్టీల్లాంటివి), రక్తనాళాలు రెండు పక్కలా ఉంటాయి. పాత పద్ధతిలో కింద నుంచి పైకి కొంచెం కొంచెంగా క్లాంపు వేసి, కోసి, దారంతో ముడేస్తూ పోతారు. కొత్త పద్ధతిలో మిషను వేడితో నాళాన్ని అతికించేసి కోస్తుంది, టైమూ రక్తమూ కొంత కలిసొస్తాయి. కాకపోతే ఆ వేడి పక్కనే ఉన్న మూత్రనాళానికి తగలకుండా చూసుకోవాలి, మిషను ఖర్చు బిల్లులో పడుతుంది. నన్నడిగితే మిషను కన్నా చెయ్యి ముఖ్యం, ఈ ఆపరేషన్ మీరు తరచూ చేస్తారా అండి అని మొహమాటం లేకుండా అడిగేయండి.

అండాశయాలు కూడా తీస్తారేమో తప్పకుండా కనుక్కోండి. ముట్లు ఆగకముందే అవి తీసేస్తే ఒక్కసారిగా ఒంట్లో ఆవిర్లు, ఆ తర్వాత ఎముకల బలహీనత. వదిన ఈ సంగతి డిశ్చార్జి కాగితం చదివించుకున్నాక తెలుసుకుంది.

రక్తం తక్కువుంటే ముందే పెంచుకోవాలి, షుగరు అదుపులో ఉండాలి, రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే డాక్టరుకి చెప్పాలి. తర్వాత ఆరు వారాలు బిందె ఎత్తకూడదు, గ్యాసుబండ జరపకూడదు. జారిన భాగాన్ని పైకి కుట్టి ఉంటే ఇంకా ఎక్కువ రోజులే, కాబట్టి సార్వా ఊడ్పుల కూలికి ఈ ఏడాది ఒప్పుకోకండి.

జ్వరం, దుర్వాసన, గంటకో ప్యాడ్ తడవడం, మూత్రం దానంతటదే కారడం, ఒక కాలి పిక్క వాచి నొప్పి. వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగొద్దు. లంకల్లో ఉండేవాళ్ళు మొదటి రెండు వారాలు రేవు ఇవతల చుట్టాలింట్లో ఉండండి, అర్ధరాత్రి పడవ దొరకదు.